చలివేళ మోటారు సైకిలును ఆరంభించుట: చోక్‌ను వేయు పద్ధతి, తీయు పద్ధతి



కిందటి మాసమున విత్తనశుద్ధిని గూర్చి వ్రాసితిని. ఈ మాసమున పైరుపచ్చలను విడిచి మోటారు సైకిలు జోలికి పోయినందులకు మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని పుష్యమాసమున తెల్లవాఱుజామున మన పాల కేంద్రము ముంగిట ఒక గడియ నిలిచి చూచినవారు నవ్వరు. మన పల్లెలలో పాలక్యాను, పశువుల దాణా, ఎరువు బస్తా, పురిటి నొప్పులు పడుచున్న ఇల్లాలు, అన్నియు నేడు ఈ రెండు చక్రముల బండిమీదనే పోవుచున్నవి. బండి కదలకున్న, పని కదలదు.

మొన్నటి చలికాలమున ఒక సభ్యుడు 22 లీటర్ల పాలతో బండిని నడువలేక తోసికొనుచు కేంద్రమునకు వచ్చెను. అప్పటికి పాలబండి పోయి అరగంటయైనది. “నలువది కిక్కులు కొట్టితినండీ, ఊపిరైనను తీయలేదు. మెకానిక్కు మొన్ననే కొత్త ప్లగ్గు వేసినాడు” అని ఆయన వాపోయెను. నేను ప్లగ్గును విప్పి చూచితిని. దాని కొననుండి పెట్రోలు బొట్లు కాఱుచుండెను. చోక్ మీటను చూడగా అది పూర్తిగా వేసియే యున్నది. ఆ బండిలో ఏ లోపమును లేదు. చలిలో బండికి చోక్ వేయవలెనని ఆయనకు తెలియును. ఎప్పుడు తీయవలెనో తెలియదు. ఆ పూట పాలన్నియు తోడువేసి వెన్న తీయవలసి వచ్చినది. పాలకు రావలసిన వెలకును, వెన్నకు వచ్చిన వెలకును నడుమ వ్యత్యాసము ఎంతయో పాడి చేయువారికి నేను చెప్పనక్కఱలేదు.

చోక్ అను ఆంగ్లపదమునకు గొంతు నొక్కుట యని అర్థము. ఇంజను పీల్చుకొను గాలిదారి యొక్క గొంతును నొక్కునది గావున దాని కా పేరు వచ్చెను. గొంతు నొక్కినచో ఇంజను ఎట్లు బ్రదుకునని మీరు అడుగవచ్చును. అది తెలియవలెనన్న ముందుగా పెట్రోలు మండు విధమును తెలిసికొనవలెను.

నేను చదివిన మిషన్ పాఠశాలలో సైన్సు బోధించు అయ్యవారు ఒకనాడు వెలుగుచున్న లాంతరును బల్లమీద నుంచి, దాని అడుగున గాలి చొరబడు రంధ్రములను బంకమట్టితో మూసివైచిరి. క్షణములో మంట ఎఱ్ఱనై, పొగ చూరి, గ్లాసు నల్లబడెను. మట్టిని తీసివేయగా మరల మంట తెల్లనై నిలిచెను. నూనె ఎంత యున్నను, దానికి తగిన గాలి లేనిదే చక్కగా మండదని ఆయన బోధించిరి. పెట్రోలునకును ఇదియే న్యాయము. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఒక లీటరు పెట్రోలుకు ఎంత గాలి పట్టునో లెక్క కట్టితినేని సుమారు 9,000 లీటర్లగును. మన బండి ఒక లీటరు పెట్రోలు త్రాగునపుడు తొమ్మిది వేల లీటర్ల గాలిని కూడ త్రాగుచున్నదన్నమాట. ఈ విషయము విన్న ఒక పెద్దరైతు “పెట్రోలుకు డబ్బులు పుచ్చుకొనుచున్నారు గాని, గాలి ఉచితమే గదా” అనెను. ఉచితమే, కాని పాళ్లు తప్పరాదు.

ఈ పాళ్లను కలుపునది కార్బురేటరు. దానిలో ఒక చిన్న తొట్టి యున్నది. తొట్టిలో పెట్రోలు ఒక మట్టమునకు రాగానే, తేలుచున్న బెండు పైకి లేచి రాకడదారిని మూసివేయును. మేడమీది నీళ్లతొట్టిలో బంతి చేయు పనియే యిది. తొట్టినుండి సన్నని రంధ్రముగల ఇత్తడి గొట్టమొకటి గాలిదారిలోనికి వచ్చును. దీనిని జెట్టు అందురు. గాలిదారి ఆ చోట ఇఱుకుగా నుండును. కాలువ గట్లు దగ్గఱపడిన చోట నీరు వడిగా పాఱుట మీరెఱుగుదురు. అట్లే గాలియు ఇఱుకుచోట వడిగా పోవును. వడి హెచ్చినచోట ఒత్తిడి తగ్గును. ఈ ధర్మమును డానియేలు బెర్నూలీ యను పండితుడు 1738లో తన గ్రంథమున వివరించెను. ఒత్తిడి తగ్గినచోటికి జెట్టునుండి పెట్రోలు తనంతట ఎగసి, తుంపరలై గాలిలో కలియును. దోమలమందు చల్లు చేతిపంపు నెఱిగినవారికి ఇది క్రొత్త విషయము గాదు. ఇట్లు పెట్రోలును తుంపర చేయు కార్బురేటరును జర్మనీ దేశస్థుడగు విల్‌హెల్మ్ మైబాక్ 1893లో నిర్మించెను. ఈనాటి మన బండ్ల కార్బురేటరులు ఆ వంశములోనివే.

ఇక చలికాలపు చిక్కు. పెట్రోలు ద్రవరూపమున నున్నపుడు మండదు. ఆవిరియై గాలిలో కలిసినప్పుడే మండును. మఱియు పెట్రోలు అనునది ఒక్క పదార్థము గాదు. తేలికవి, బరువైనవి అనేక పదార్థముల కలయిక. వానిలో కొన్ని 35 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరగును. కొన్నింటికి 200 డిగ్రీల వఱకు వేడి కావలెను. ఇంజను వేడెక్కి యున్నపుడు ఈ బేధము మనకు తెలియదు. అన్నియు ఆవిరి యగును. రాత్రియంతయు మంచులో నిలిచి చల్లబడిన ఇంజనులో మాత్రము తేలికవి మాత్రమే ఆవిరియై, బరువైనవి తుంపరలుగనే పోయి, చల్లని లోహపు గోడలకు అంటుకొనును. తెల్లవాఱి చెంబుమీద మంచు పట్టినట్లే. కార్బురేటరు సరియైన పాళ్లలోనే ఇచ్చినను, ప్లగ్గు రవ్వ కొట్టు చోటికి చేరు ఆవిరి మిక్కిలి స్వల్పము. దానికి తోడు, కాలితో త్రొక్కునపుడు ఇంజను నెమ్మదిగా తిరుగును గావున గాలివడి చాలక జెట్టునుండి పెట్రోలు సరిగా ఎగయదు. ఈ రెండు కారణములచే చలి ఇంజను పలుకదు.

దీనికి ఉపాయమేమనగా, తేలికవి మాత్రమే ఆవిరియైనను చాలునంతగా పెట్రోలును పలురెట్లు ఎక్కువగా పంపుట. తడి కట్టెలను అంటించునపుడు మన ఆడువారు పిడకమీద చారెడు కిరసనాయిలు పోయుదురు గదా. ఆ కిరసనాయిలు కట్టెలను కాల్చుటకు గాదు, మంటకు ప్రాణము పోయుటకు. పొయ్యి రాజుకొన్న తరువాతకూడ ఇంకను కిరసనాయిలు పోయుచుండు ఇల్లాలు ఉండదు. చోక్ విషయమున మాత్రము మనము ఆ పనియే చేయుచున్నాము.

చోక్‌లు రెండు విధములు. మొదటిది గాలిదారి ముఖమున నుండు పలుచని బిళ్ల. మీటను త్రిప్పగానే బిళ్ల అడ్డము తిరిగి గాలిని చాలవఱకు ఆపును. ఇంజను పీల్చు బలమంతయు జెట్టుమీద పడి, పెట్రోలు హెచ్చుగా వచ్చును. రెండవది పేరునకు చోకే గాని గాలిని మూయదు. మీటను లాగినపుడు చిన్న ముల్లు పైకి లేచి, పెట్రోలునకు వేఱొక సన్నదారిని తెఱచును. మీ బండిది ఏ రకమో తెలిసికొనుట అవసరము. ఏలయన, ఈ రెండవ రకమున ఎక్సలేటరును త్రిప్పితిరా, గాలి పెద్దదారిన పోయి, ఆ సన్నదారిమీద పీల్పు తగ్గిపోవును. చోక్ వేసినను వేయనట్లే యగును. చోక్ వేసి, చెయ్యి ఊరకుండక ఎక్సలేటరును మెలిపెట్టుచు, కిక్కుమీద కిక్కు కొట్టువారి బండి పలుకకుండుటకు చాల తఱచుగా ఇదియే హేతువు. బిళ్ల రకమైనచో ఎక్సలేటరును వెండ్రుకవాసి తెఱచిన మంచిదే. సాధారణముగా కార్బురేటరు ప్రక్కననే పైకి క్రిందికి తిరుగు మీట యున్నచో అది బిళ్ల రకము. నిలువుగా పైకి లాగు గుబ్బ యున్నచో ముల్లు రకము. కొన్ని బండ్లకు మీట ఎడమచేతి పిడివద్ద నుండి తీగ ద్వారా పనిచేయును. మీట ఎటు త్రిప్పిన చోక్ పడునో బండికి బండికి బేధము గావున, రెండు గీతల నడుమ ఏటవాలుగీత యున్న గుర్తును చూచికొనుడు. ఆ గుర్తే చోక్ గుర్తు. పూర్వము కొన్ని బుల్లెట్టు బండ్లకు కార్బురేటరుమీద టిక్లరు అను చిన్న మీట యుండెడిది. దానిని నొక్కి బెండును ముంచి తొట్టిలో పెట్రోలును పొంగించెడివారు. ఉపాయము వేఱైనను ఉద్దేశ మొక్కటే.

ఇక చేయవలసిన పని. ముందుగా పెట్రోలు ట్యాపు తెఱచియున్నదో లేదో చూడుడు. రాత్రి మూసి, ఉదయమున తెఱవ మఱచుట సామాన్యముగా జరుగుచునే యున్నది. బండి న్యూట్రలులో నుండవలెను. చోక్‌ను పూర్తిగా వేయుడు. తాళపుచెవిని త్రిప్పకుండ, ఎక్సలేటరును తాకకుండ, కిక్కును రెండు మూడు మాఱులు నిదానముగా చివరవఱకు త్రొక్కుడు. దీనివలన గోడలకు అంటుకొన్న చిక్కని నూనె కొంత సడలును. పెట్రోలును సిలిండరులోనికి చేరును. అప్పుడు తాళము త్రిప్పి, ఒక్క బలమైన కిక్కు కొట్టుడు. కొసరి కొసరి పది కొట్టుటకంటె నిండుగా ఒకటి కొట్టుట మేలు. మంచి స్థితిలో నున్న బండి రెండవ, మూడవ కిక్కునకు పలుకవలెను. సెల్ఫు స్టార్టు గల బండియైనచో బొత్తామును 5 క్షణములకు మించి నొక్కి పట్టవలదు. నడుమ పది పదిహేను క్షణములు బ్యాటరీకి విశ్రాంతి నిండు. చలిలో బ్యాటరీ బలముకూడ తగ్గియుండును గనుక, అట్టి దినములలో కాలితో ఆరంభించుటయే మంచిది.

ఇంజను పలికినది. ఇప్పుడే మన పొరపాటు మొదలగును. కొందఱు వెంటనే చోక్‌ను తీసివేయుదురు. బండి దగ్గి ఆగిపోవును. ఇంకొందఱు ఎక్సలేటరును బొంగరమువలె త్రిప్పి చెవులు చిల్లులు పడునట్లు మ్రోగింతురు. రాత్రియంతయు అడుగునకు దిగియున్న నూనె పైభాగముల కింకను చేరలేదు. ఆ సమయమున వేగముగా త్రిప్పుట యనిన ఎండిన ఇరుసుమీద బండి తోలుటయే. మఱికొందఱు చోక్ వేసియుంచి కాఫీ త్రాగ లోపలికి పోవుదురు. వీరు అందఱికంటెను నష్టపడుదురు.

సరియైన పద్ధతి ఇది. చోక్ వేసియున్నంత సేపు ఇంజను కొంచెము వేగముగా, సమముగా మ్రోగును. అట్లు ఇరువది, ముప్పది క్షణములు మ్రోగనిండు. చోక్ సగమునకు తీయు వీలుండిన సగమునకు తీయుడు. ఇంజను ధ్వని మందగించి ఆగబోవునట్లు తోచిన, మరల కొంచెము వేయుడు. సమముగనే యున్నచో బండిని మొదటి గేరులో మెల్లగా కదిలించుడు. నిలిపి వేడిచేయుటకంటె మెల్లగా నడుపుచు వేడిచేయుట త్వరగా అగును. పెట్రోలును ఆదా యగును. అర కిలోమీటరు, మహా యైన ఒక కిలోమీటరు పోవులోపల చోక్ పూర్తిగా తీసివేయబడియుండవలెను. గోదావరి, కృష్ణా డెల్టాలలోని మన గ్రామములకు ఈ కొలత చాలును. చింతపల్లి మన్యమునందలి లంబసింగిలో డిసెంబరు, జనవరి మాసములందు కొన్ని దినములు చలి సున్న డిగ్రీల దాపునకు దిగును. ఆదిలాబాదు జిల్లా పల్లెలలో 5 డిగ్రీల లోపునకు దిగు రాత్రులు కలవు. అచ్చటి కాఫీ రైతులు, ప్రత్తి రైతులు ఒకటి రెండు నిమిషములు అధికముగా ఓర్చుకొనవలెను. వేసవిలో మాత్రము మన ప్రాంతమున చోక్ ప్రసక్తియే ఉండదు.

చోక్ తీయవలసిన సమయమును గడియారముకంటె ఇంజనే చక్కగా చెప్పును. సమముగా మ్రోగుచున్న ధ్వని బరువెక్కి, గుడగుడమని తడబడుట, సైలెన్సరునుండి నల్లని పొగ, పెట్రోలు వాసన, ఇవి కానరాగానే పెట్రోలు మితిమీరినదని తెలియవలెను. కొత్తగా నేర్చుకొనువారు ఈ తడబాటును విని, బండికి ఇంకను బలము చాలలేదని భ్రమసి, చోక్‌ను మఱింత లాగుదురు.

వేడి ఇంజనుకు చోక్ కూడదు. పొలమువద్ద గంటసేపు ఆపి మరల బయలుదేరునపుడు ఇంజను ప్రక్కన అరచేతిని చేరువగా నుంచి చూడుడు. వెచ్చదనము తెలియుచున్నచో ఊరకనే కిక్కు కొట్టుడు.

మితిమీరి పెట్రోలు పోయిన పిమ్మట, అనగా “ఓవర్ అయినది” అని మనవారు చెప్పు స్థితిలో, ఏమి చేయవలెను? పైన చెప్పిన సభ్యుని స్థితి ఇదియే. చోక్‌ను పూర్తిగా తీయుడు. తాళమును ఆపుడు. పెట్రోలు ట్యాపును మూయుడు. ఎక్సలేటరును చివరవఱకు త్రిప్పి పట్టుకొని, ఎనిమిది పది కిక్కులు కొట్టుడు. గాలి ధారాళముగా పోయి లోపలి తడి ఆఱును. తరువాత ట్యాపును తెఱచి, తాళము త్రిప్పి, చోక్ లేకుండ, ఎక్సలేటరును కొంచెముగా తెఱచి కిక్కు కొట్టుడు. అప్పటికిని పలుకకున్న ప్లగ్గును విప్పి, పొడి గుడ్డతో తుడిచి, కొంతసేపు గాలికి ఆఱబెట్టుడు. ప్లగ్గును నిప్పుమీద కాల్చువారిని చూచితిని. తడిగుడ్డ ప్రక్కననే, పెట్రోలు ట్యాంకు ప్రక్కననే అగ్గిపుల్ల గీయుట ఎట్టి సాహసమో వేఱుగ చెప్పవలెనా?

ప్లగ్గు విప్పినపుడు దానిని ఒకమాఱు పరికించుడు. వైద్యుడు నాలుకను చూచినట్లు ఇంజనుకు ప్లగ్గును చూడవలెను. కొన ఇటుకరంగుగా నుండి పొడిగా నున్నచో పాళ్లు సరిగా నున్నవి. మసివలె పొడినలుపైనచో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చోక్ పూర్తిగా తీయబడుట లేదేమో, గాలి జల్లెడ దుమ్ముతో నిండినదేమో చూడవలెను. జిడ్డుగల నలుపైనచో ఇంజను నూనె పైకి వచ్చుచున్నది. అది మెకానిక్కు పని. ఆఱేడు కిక్కులు కొట్టినను ప్లగ్గు ఎండియేయున్నచో పెట్రోలు రానే లేదు. ట్యాపును, తొట్టిలో చేరిన నీటిని అనుమానించుడు. తడిసియున్నచో పెట్రోలు వచ్చినది గాని మండలేదు. ఈ ఒక్క పరీక్ష తెలిసిన రైతు మెకానిక్కు వద్దకు పోయినను, ఏమి అడుగవలెనో తెలిసి పోవును.

చోక్ తీయ మఱచుటవలన కలుగు నష్టమును నేను స్వయముగా అనుభవించితిని. ఉద్యోగమున చేరిన కొత్తలో, ఒక గ్రామమున వరసనాటు ప్రదర్శనకు తెల్లవాఱకముందే బయలుదేరితిని. చలికి చేతులు కొంకర్లు పోవుచుండగా చోక్ వేసి బండి నెక్కితిని, తీయుట మఱచితిని. ఇరువది అయిదు కిలోమీటర్లు పోవుసరికి బండి ఈడ్చుకొనుచు ఈడ్చుకొనుచు నడిదారిలో ఆగెను. ప్లగ్గు బొగ్గు ముక్కవలె నుండెను. నా వద్ద ప్లగ్గు పానా లేదు. నేను ఒక ఎడ్లబండిమీద గ్రామము చేరునప్పటికి మధ్యాహ్నమైనది. నాకొఱకు పెఱికి యుంచిన నారు కట్టలు ఎండకు వాడి పడియున్నవి. కూలికి వచ్చిన ఆడువారు వెడలిపోయిరి. రైతు ఒక్క మాటయు అనలేదు. “భోజనము చేయుడండీ” అని మాత్రమే అనెను. ఆ అన్నము నాకు మ్రింగుడు పడలేదు. తప్పు బండిది గాదు, నాదే. నాటినుండి ప్లగ్గు పానాయును, ఒక మంచి ప్లగ్గును సీటు క్రింద ఉంచుకొనుచున్నాను.

ప్లగ్గు మసిబాఱుట చిన్న నష్టము. కంటికి కనబడనిది ఇంకొకటి కలదు. మండక మిగిలిన పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేసి, రింగుల ప్రక్కనుండి క్రిందికి దిగి ఇంజను నూనెలో కలియును. నూనె పలుచబడును; రింగులును గోడలును త్వరగా అఱుగును. బండి నూనె త్రాగుచున్నదని, నీలిపొగ విడుచుచున్నదని తరువాత సంవత్సరము వాపోవుదుము. నూనె కొలపుల్లను తీసి వాసన చూడగా పెట్రోలు కంపు గట్టిగా కొట్టినచో, నూనెను మార్పించుటకు కొలత పూర్తియగువఱకు కాచుకొనవలదు.

అన్నిటికంటె భయంకరమైనది వేఱు. పాళ్లు తప్పి గాలి చాలక మండిన పెట్రోలునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు అధికముగా పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. పట్టుకొన్న తరువాత ప్రాణవాయువునకు చోటు దొరకదు. చలికి తలుపులు బిగించుకొని, వసారాలోనో, కొట్టములోనో, వంటయింటి ప్రక్కనో బండిని చోక్ మీద ఆడించుట మన ఇండ్లలో జరుగుచునే యున్నది. లోపల పసిబిడ్డలు నిద్రించుచుందురు. మొదట తలనొప్పి, వాంతి, మగత. చలిగాలి సోకినదని అనుకొనునంతలో స్మృతి తప్పును. బండిని ముందుగా వాకిటిలోనికి తోసి, ఆ తరువాతనే ఆరంభింపుడు. ఎంత చలియైనను, ఎంత వానయైనను ఇందు మినహాయింపు లేదు. ఎవరైనను అట్లు మగతగా పడియుండిన వెంటనే తలుపులు తీసి, ఆరుబయటికి మోసికొని వచ్చి, 108 బండికి ఫోను చేయవలెను.

నేటి పెట్రోలును గూర్చి ఒక మాట. 2025 నాటికి మన దేశమంతట నూటికి 20 పాళ్లవఱకు ఇథనాలు కలిపిన పెట్రోలు వాడుకలోనికి వచ్చినది. చెఱకు, మొక్కజొన్న, బియ్యము మొదలగువానినుండి తీయబడు ఈ సారము మన పంటకు గిరాకి తెచ్చునదే. అయినను అది ఆవిరియగుటకు పెట్రోలుకంటె ఎక్కువ వేడిని పుచ్చుకొనును గనుక చలి ఉదయమున ఇంజను కొంచెము బిఱుసుగా పలుకవచ్చును. పైగా దానికి నీటిని పీల్చుకొను గుణము కలదు. ట్యాంకు మూతలో రబ్బరు చెడి, వాన నీరు దిగినచో, నీరును ఇథనాలును కలిసి అడుగున చేరును. కార్బురేటరునకు మొదట పోవునదియు ఆ అడుగునీరే. మూత రబ్బరును వానకాలమునకు ముందే మార్చుకొనుడు.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 నిబంధనల తరువాత అమ్మబడిన బండ్లలో పెక్కింటికి కార్బురేటరే లేదు. చోక్ మీటయు లేదు. వానిలో ఇంజను వేడిని కొలుచు చిన్న సాధన మొకటి, దాని మాటను విని పెట్రోలును కొలిచి చిమ్ము విద్యుత్సాధన మొకటి కలవు. చలి యున్నపుడు తనంతట ఎక్కువ చిమ్మి, వేడెక్కినకొలది తగ్గించుకొనును. అట్టి బండి గలవారు తాళము త్రిప్పి, పంపు గుయ్యిమని రెండు మూడు క్షణములు మ్రోగి ఆగువఱకు వేచి, ఎక్సలేటరును తాకక ఆరంభించిన చాలును. ట్యాంకును ఎన్నడును పూర్తిగా ఎండనీయవలదు. లోపలి పంపునకు పెట్రోలే చల్లదనము. కాని మన సభ్యుల ఇండ్లలో పాత బండ్లు ఇంకను అనేకము నడుచుచున్నవి.

బండి లేని రైతునకు సైతము చోక్‌తో పని కలదు. మందు చల్లు పవరు స్ప్రేయరు, గడ్డి కోయు యంత్రము, చిన్న పెట్రోలు పంపుసెట్టు, వీనికన్నింటికి చోక్ ఉండును. (పెద్ద డీజిలు ఇంజనుకు చోక్ వెదకవలదు, అది గాలిని బిగించి పుట్టిన వేడితో మండించును, ప్లగ్గే లేదు.) స్ప్రేయరులో రబ్బరు బుడ్డి యున్నచో, గొట్టములో పెట్రోలు కనబడువఱకు దానిని నొక్కి, చోక్ మూసి తాడును లాగుడు. రెండు మూడు లాగుళ్లలో ఇంజను ఒక్కమాఱు “టప్”మని దగ్గును. ఆ దగ్గు వినగానే చోక్‌ను తెఱచి మరల లాగుడు. ఒకటి రెండు లాగుళ్లలో నడుచును. ఆ దగ్గును పెడచెవిని పెట్టి చోక్ మూసియే లాగువారికి భుజము నొప్పియు, తడిసిన ప్లగ్గును మాత్రమే మిగులును. దోమపోటు తగిలిన వరిచేనిలో ఉదయపు గాలి నిలకడగా నుండు ఒకటి రెండు గంటలే మందునకు తగిన సమయము. దానిని తాడు లాగుటలో పోగొట్టుకొనరాదు.

స్ప్రేయరును పంట కాలము ముగిసిన పిమ్మట పెట్రోలుతో సహా అటుకమీద పెట్టవలదు. నెలల తరబడి నిలిచిన పెట్రోలులో తేలిక పదార్థములు ఎగిరిపోయి బరువైనవియే మిగులును. చలిలో మొదట అంటుకొనవలసినవి ఆ తేలికవే గనుక, అట్టి పెట్రోలునకు చోక్ ఎంత వేసినను ఫలముండదు. మిగిలినది జిగురై జెట్టును మూయును. ట్యాంకును వంచి ఖాళీ చేసి, ఇంజనును ఆరంభించి, కార్బురేటరు తొట్టిలోని పెట్రోలు కూడ అయిపోయి తనంతట ఆగువఱకు ఆడించి, అప్పుడు గుడ్డ కప్పి దాచుడు. రెండు మూడు నెలలు కదలని మోటారు సైకిలునకు సైతము తొట్టి అడుగుననున్న చిన్న మరను వదులు చేసి పాత పెట్రోలును ఒక గాజుసీసాలోనికి దింపవలెను. సీసా అడుగున నీటి బొట్లు వేఱుగా నిలిచియున్నవేమో చూచి, మరను మరల బిగించి, క్రొత్త పెట్రోలు పోసి, ఆ తరువాతనే చోక్‌మీద చెయ్యి వేయుడు.